సొరంగం పేరు కొండ

వరహాలమ్మ చెయ్యి వణుకుతోందని మొదట కనిపెట్టింది ఆవిడ కాదు, ఒక పసిబిడ్డ తల్లి.

జొన్నగుడ్డి సబ్‌సెంటర్‌లో ఆ బుధవారం టీకాలు వేస్తున్నారు. పదిహేడేళ్లుగా ఆ చుట్టుపక్కల కొండ ఊళ్లలో పుట్టిన ప్రతి బిడ్డకూ సూది వేసిన ఏఎన్ఎం వరహాలమ్మే. సిరంజి పట్టుకుని వంగబోతుంటే, ఆ తల్లి ఉన్నట్టుండి వెనక్కి జరిగి బిడ్డ తొడ మీద చీరకొంగు కప్పేసింది.

"సిస్టరమ్మా, నీ చెయ్యి అదురుతోంది," అంది భయంగా.

వరహాలమ్మ తన చేతికేసి చూసుకుంది. నిజమే. సూది మొన గాలిలో చిన్న చిన్న సున్నాలు చుడుతోంది.

పాడేరులో చూపించుకుంటే డాక్టరు నాడుల వణుకన్నాడు. ప్రాణభయం లేదనీ, తగ్గేది మాత్రం కాదనీ చెప్పాడు. మాత్రలు వేసుకుంటే పట్టపగలే నిద్ర ముంచుకొచ్చేది. ఆరు నెలలు తిరిగేసరికి రెండో చేతికీ పాకింది. పైవాళ్లు జాలిపడి మండలం ఆఫీసులో రికార్డులు రాసే పని ఇస్తామన్నారు. సంతకమే కుదురుగా పెట్టలేని మనిషి రికార్డులేం రాస్తుంది? వరహాలమ్మ ఆ మాట పైకి అనలేదు. ఇంటికొచ్చి, తెల్ల చీరలు మడతపెట్టి పెట్టెలో పెట్టి మూత వేసేసింది.

దారి చూపించింది ఆవిడ భర్త సింహాద్రి. అతను పాడేరు నుంచి లోపలి ఊళ్లకు సర్వీసు జీపు నడుపుతాడు. జీపులో ఎక్కిన ఒక కాలేజీ లెక్చరరు చెప్పిందట, విశాఖలో ఒక ప్రయోగశాలవాళ్లు చేతులు వణికే మనుషుల కోసం వెతుకుతున్నారని.

"ఎల్దామేటే?" అన్నాడు సింహాద్రి, అన్నం ముందు కూర్చుని.

"ఎందుకూ, కరెంటు షాకులు పెట్టించుకోడానికా?"

"పెడితే పెడతారు. ఇక్కడ కూకుని పెట్టెకేసి చూసుకోడంకంటే నయం కాదేటి?"

ప్రయోగశాల సముద్రానికి ఎదురుగా, ఒక మిట్ట మీద ఉంది. దాన్ని నడిపే ప్రొఫెసర్ జానకీబాల అరవై దాటిన మనిషి. చెవి మీద పెన్ను పెట్టుకుని అదే పెన్ను కోసం బల్లంతా వెతుక్కుంటోంది. ఆవిడ వరహాలమ్మ కుడి మోచేతి కిందుగా ఒక పట్టీ చుట్టింది. బీపీ చూసే పట్టీలాగే ఉంది, కాస్త సన్నం. దాని మీద ఎర్రదీపం.

"మెదడు నుంచి బయల్దేరిన వణుకు కండ దాకా వచ్చేలోపే ఇది పసిగడుతుందమ్మా," అంది జానకీబాల. "పసిగట్టి, పక్క గదిలో ఉన్న పెద్ద మెషీన్‌కి చెప్తుంది. ఆ మెషీను తర్వాతి వణుకు ఎప్పుడొస్తుందో ముందే ఊహించి, దానికి ఎదురుగా సన్నటి కరెంటు తోపు పంపి నెడుతుంది. రెండూ ఢీకొని చల్లారిపోతాయి. అంతా సెకనులో పాతికో వంతులో జరిగిపోవాలి. ఆలస్యమైందో, తోపు వణుకును ఆపకపోగా పెంచుతుంది. ఏదీ, ఈ పెన్నుతో మీ పేరు రాయండి."

"పెన్నొద్దు. సిరంజీ ఇవ్వండి," అంది వరహాలమ్మ.

తెచ్చి ఇచ్చారు. దీపం పచ్చగా మారింది. చిన్నపిల్లలకు పుట్టగానే వేసే టీకా మోతాదు ఎంతో ఆవిడ వేళ్లకే గుర్తు. నీళ్ల సీసాలోంచి సరిగ్గా ఆ గీత దాకా లాగి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. సూది మొన గాలిలో కదలకుండా నిలిచింది. ఆవిడ తలుపు దగ్గర నిలబడ్డ సింహాద్రి వైపు తిరిగి, "చూసేవా?" అంది. ఆ పరికరానికి ప్రయోగశాలవాళ్లు పెట్టుకున్న పేరు నిలకడ పట్టీ.

*

పెద్ద మెషీను రెండు బీరువాలంత ఉంటుంది. దాన్ని కొండెక్కించడం అయ్యే పని కాదు. కాబట్టి పట్టీ మాటలు ఇంటర్నెట్‌లోనే వెళ్లి రావాలి. మొదట ఒక టాబ్లెట్ ఇచ్చి పంపారు. విశాఖలో చక్కగా పనిచేసిన ఆ టాబ్లెట్ జొన్నగుడ్డిలో అడుగు పెట్టగానే చతికిలబడింది. ఉన్న కాస్త సిగ్నలునీ దానిలోని యాప్‌లే మింగేసేవి. పచ్చదీపం రెండు నిమిషాలు వెలిగితే ఎర్రదీపం పది నిమిషాలు వెలిగేది.

మూడో వారంలో ప్రయోగశాల కంప్యూటర్లు చూసుకునే ఇమ్మానుయేలు సింహాద్రి జీపులో కొండెక్కి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఘాట్‌రోడ్డు మలుపులకు మొహం పాలిపోయి ఉంది. సంచీలోంచి ఒక పాత లాప్‌టాప్ తీశాడు. ఎప్పుడో కాలేజీ పిల్లలకు పంచినదట, మూత ఊడిపోకుండా ప్లాస్టరు వేసి ఉంది.

"ఇదేటి బాబూ, దీనికే ఎవరో కట్టు కట్టినట్టున్నారు," అంది వరహాలమ్మ.

అతను నవ్వాడు. "ముసలిదే సిస్టర్. రెండు జీబీ మెమరీ. అందుకే దీన్లో మామూలు విండోస్ తీసేసి లైనక్స్ వేశాను. లైనక్స్‌లోనూ బాగా బక్కది. బొమ్మలుండవు, రంగులుండవు. మీ పట్టీ మాట మోయడం తప్ప దీనికి వేరే పనే ఉండదు."

తెర తెరిచాడు. నల్లగా ఉంది. మీద ఒక తెల్లటి గీత ఆరుతూ వెలుగుతోంది.

"ఇక్కడ మనమేం అడగాలో టైపు చేసి అడగాలి. ఎంటర్ కొడితే చేస్తుంది."

అతను కొట్టి చూపించాడు:

sudo wg-quick up konda

"కొండ అనేది మీ సొరంగం పేరు," అన్నాడు. "వీపీఎన్ అంటారు. ఇంటర్నెట్ నలుగురూ నడిచే రోడ్డు. దాని కిందుగా మీ లాప్‌టాప్ నుంచి మా మెషీను దాకా మనకు మాత్రమే తెలిసిన సొరంగం ఇది. తాళాలు రెండు. ఒకటి మీ దగ్గర, ఒకటి మా దగ్గర."

"నా చేతి వణుకు ఎవడు దొంగిలిస్తాడు బాబూ, దానికి తాళాలెందుకు?"

ఇమ్మానుయేలు తెర మీంచి తలెత్తి చూశాడు. "దొంగిలించడం కాదు సిస్టర్. ఆ పట్టీ మీ చేతిని కదపగలదు. మీ చేతిలో సూది ఉండగా, దారిలో ఇంకెవడో దూరి ఒక తోపు పంపాడనుకోండి..."

వరహాలమ్మ పట్టీ మీద రెండో చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత తాళాల గురించి ఇంకెప్పుడూ వేళాకోళం ఆడలేదు.

ఆవిడకు సందేహాలు చాలానే ఉన్నాయి. మందుల మోతాదులు రాసుకునే నోటుపుస్తకం చివరి పేజీల్లో, అతను కొట్టిన ప్రతి అక్షరాన్నీ ఖాళీలతో సహా రాసుకుంది. గడియారం సరిచేయడానికి మొదట్లో అతను కొట్టిన లైను కూడా రాసుకుంది.

"ఇది మీకక్కర్లేదు సిస్టర్. సొరంగం తెరుచుకున్నాక గడియారం తనే సరిచూసుకుంటుంది."

"ఉండనీ. అక్కర్లేదని వదిలేసిన మందే ఒకనాడు కావాల్సొస్తాది. అయినా, గడియారానికీ సొరంగానికీ ఏటి సంబంధం?"

"తలుపు తట్టినప్పుడల్లా మీ లాప్‌టాప్ ఒక చీటీ ఇస్తుంది. దాని మీద టైము ఉంటుంది. మీ పాత చీటీ ఎవడికైనా దొరికి, వాడు దాన్ని మళ్లీ తీసుకొచ్చి తట్టాడనుకోండి, మా మెషీను తలుపు తియ్యదు. ప్రతి చీటీ అంతకుముందు దానికంటే కొత్తదై ఉండాలి. చీటీ నచ్చితే రెండు మెషీన్లూ చెయ్యి కలుపుతాయి. ఇదిగో, wg అని కొడితే చెయ్యి కలిపి ఎంతసేపైందో చూపిస్తుంది."

"మరి ఇంత పొడుగు లైను నేను వణికే చేత్తో కొట్టాలా? దానంతటదే తెరుచుకునేలా పెట్టీలేరా?"

"పెట్టగలను. పెట్టనివ్వరు. ఒక మనిషి చెయ్యి మీద మా మెషీను పెత్తనం చెయ్యాలంటే, రోజూ ఆ మనిషే స్వయంగా తలుపు తియ్యాలని మా నీతి కమిటీ షరతు."

ఆ మాట వరహాలమ్మకు నచ్చింది. రోజూ పొద్దున్న సబ్‌సెంటర్‌లో ఆశా కార్యకర్త బుద్రి గది ఊడుస్తుంటే, ఈవిడ పెన్సిలు తలకిందులుగా రెండు చేతులా పట్టుకుని ఇరవై రెండు మీటలూ ఒక్కొక్కటే నొక్కేది. ఒకదానికి బదులు పక్కది పడేది. చెరిపి మళ్లీ కొట్టేది. ఎంటర్ నొక్కి, పట్టీ మీద దీపం పచ్చగా అయ్యేదాకా ఊపిరి బిగబట్టి చూసేది. బక్క లైనక్స్ ఆ కాస్త సిగ్నలుతోనే సర్దుకుంది. పచ్చదీపం సాయంత్రం దాకా నిలిచేది.

మడతపెట్టిన తెల్ల చీరలు మళ్లీ బయటికొచ్చాయి. పిల్లల తల్లులు మొదట చేతికేసి చూసి, తర్వాత చూడడం మానేశారు.

*

ఐదో నెలలో టవరుకు వెళ్లే కేబులు ఎక్కడో తెగింది. మూడు రోజులు సిగ్నలు లేదు.

పట్టీ లేకపోతే పాత వణుకే కదా, మూడు రోజులు ఓర్చుకుందామనుకుంది వరహాలమ్మ. కానీ వచ్చింది పాత వణుకు కాదు. చేతులు రెండూ జల్లెడ పట్టినట్టు ఊగిపోయాయి. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయింది. సింహాద్రి వెనక నిలబడి, నాలుక బయటపెట్టి, ఒక్కొక్క హుక్కూ దూర్చాడు.

"స్టీరింగు తిప్పే చేతులే, ఇది ఇంత కష్టమని తెలీదు," అన్నాడు నవ్వించబోతూ.

అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెడితే ఆవిడ నోరు తెరవలేదు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. సింహాద్రి ముద్ద పట్టుకునే అలా కూర్చున్నాడు. చాలాసేపటికి ఆవిడ నోరు తెరిచింది.

కేబులు అతికాక ఇద్దరూ విశాఖ వెళ్లారు. జానకీబాల పరీక్షలన్నీ చేసి, కాగితాలు పక్కన పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇన్నాళ్లూ మీ మెదడు తన వణుకును తనే కొంత అణుచుకునేది వరహాలమ్మగారూ. మీకు తెలియకుండానే. పట్టీ వచ్చాక ఆ పని పట్టీకి వదిలేసింది. వాడకపోతే కండ కరిగినట్టు, ఆ నేర్పు కరిగిపోతోంది. దీన్ని మేం ముందే ఊహించాల్సింది. తప్పు మాది."

"నాకొక్కదానికేనా?"

"పట్టీ కట్టుకున్న పదకొండు మందికీ. అందరికంటే ఎక్కువగా అనకాపల్లిలో ఉండే ఒక టైలరుకు. ఆయన నిన్న పట్టీ తిరిగిచ్చేసి వెళ్లిపోయారు." జానకీబాల కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది. "వచ్చే గురువారం కమిటీ కూర్చుంటోంది. ప్రయోగం ఆపేద్దామని నేనే రాశాను. మీరు ఇప్పుడే మానేస్తే, కొన్ని నెలలకు మీ పాత చెయ్యి మీకు దక్కొచ్చు."

"పాత చెయ్యంటే, సిరంజీ పట్టలేని చెయ్యే కదండీ?"

జానకీబాల పక్కన పెట్టిన కాగితాలు మళ్లీ తిరగేసింది. బయట సింహాద్రి జీపు తుడుచుకుంటున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తున్నాడు. గురువారం దాకా పట్టీ ఉంచుకుంటానని చెప్పి వరహాలమ్మ లేచింది.

*

ఆ గురువారం తెల్లవారకముందే జొన్నగుడ్డిలో వాన మొదలైంది. తొమ్మిదింటికి కొండ మీది పాకల నుంచి వంతల జమున అనే పిల్లను నలుగురు మోసుకొచ్చారు. తొలికాన్పు. పాడేరు తీసుకెళ్లేంత సమయం లేదు. పదింబావుకు ఆడపిల్ల పుట్టింది, గట్టిగా ఏడ్చింది. బుద్రి బిడ్డను తుడిచి జమున అత్త ఒళ్లో పెట్టింది. మాయ కూడా పూర్తిగా పడింది. వరహాలమ్మ నిమ్మళంగా చేతులు కడుక్కుంటోంది.

అప్పుడే కరెంటు పోయింది. మబ్బు పట్టి రెండు రోజులైంది కాబట్టి సోలారు పెట్టెలోనూ ఏమీ మిగల్లేదు. ముసలి లాప్‌టాప్ బ్యాటరీ కాసేపు లాగి, ఆరిపోయింది. పట్టీ మీద ఎర్రదీపం వెలిగింది.

"సిస్టరమ్మా," అంది బుద్రి.

జమున కింద పరిచిన గుడ్డ తడిసిపోతోంది. రక్తం ఆగడం లేదు.

వరహాలమ్మ పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూసింది. గట్టిపడాల్సిన గర్భసంచి మెత్తగా ఉంది. కాన్పు కాగానే ఇవ్వాల్సిన సూది అప్పుడే తొడకు ఇచ్చేసింది. ఇప్పుడు మాత్రలు నాలుక కింద పెట్టించింది. బుద్రి చేతులు తీసి పొట్ట మీద పెట్టి, "ఇలా రుద్దు. గట్టిగా. నేను ఆపమనేదాకా చెయ్యి తియ్యకు," అంది. పీహెచ్‌సీకి ఫోను కలిసింది. అంబులెన్సూ డాక్టరూ బయల్దేరారు, కానీ దారిలో గెడ్డవాగు పొంగి రోడ్డు మీదికి వచ్చేసింది. నీళ్లు తగ్గాలి, గంట పట్టొచ్చు.

గంటసేపు జమున ఆగేలా లేదు. పెదాలు తెల్లబడుతున్నాయి. నరానికి సూది పెట్టి సెలైను, దాంతోపాటు గర్భసంచి బిగిసే మందు ఎక్కించాలి. రక్తం పోయి నరాలు అప్పుడే సన్నబడుతున్నాయి. ఆ పని బుద్రికి రాదు. వరహాలమ్మ సూది తీసుకుని జమున చేతి దగ్గరికి తెచ్చింది. మొన కుట్టుమిషను సూదిలా ఎగిరెగిరి పడుతోంది. ఒకసారి చర్మం మీద గీసుకుంది. నరం చీరుకుపోతే ఉన్న దారి కూడా పోతుంది. ఆవిడ సూది పక్కన పెట్టేసింది.

అంతలో కరెంటు మినుకుమంటూ వచ్చింది. వరహాలమ్మ ఒక్క ఉరుకున లాప్‌టాప్ దగ్గరికి వెళ్లి బటన్ నొక్కింది. బక్క లైనక్స్ పావు నిమిషంలో లేచింది. పెన్సిలు రెండు చేతులా పట్టుకుంది. నాలుగు అక్షరాలు తప్పు పడ్డాయి. చెరిపింది, మళ్లీ కొట్టింది. ఎంటర్. తెర మీద లైన్లు వచ్చాయి, ఎప్పుడూ వచ్చేవే. దీపం మాత్రం ఎర్రగానే ఉంది.

wg అని కొట్టింది. చెయ్యి కలిపి ఎంతసేపైందో చెప్పే లైను అసలే లేదు. తలుపు తడుతోంది, అవతల ఎవరూ తియ్యడం లేదు.

ఇమ్మానుయేలుకు ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేసింది. అతను కమిటీ గదిలో ఉన్నాడని, ఫోను బయట బుట్టలో పెట్టించుకున్నారని ఆవిడకు తెలియదు.

"అమ్మా, కోడలు పిల్ల చల్లబడతంది," అని జమున అత్త గోడకు చేరగిలబడి ఏడుపు మొదలెట్టింది.

"ఏడవకు. బిడ్డని గుండెకి అదుముకో. బుద్రీ, ఆపకు!" అంది వరహాలమ్మ. కంగారు పడినందుకు తనను తాను తిట్టుకుంది. ఊపిరి పీల్చి తెరను పై నుంచి కింది దాకా చూసింది, మందు సీసా మీది అక్షరాలు చూసినట్టు. పదిహేడేళ్లుగా ఏ సీసా పట్టుకున్నా ఆవిడ కన్ను మొదట తేదీ మీదే పడుతుంది. ఇప్పుడూ అలాగే పడింది. తెర పైన ఒక మూల చిన్నగా తేదీ ఉంది. జనవరి ఒకటి. సంవత్సరం చూస్తే, సింహాద్రితో తన పెళ్లి కూడా కాని కాలం నాటిది.

లాప్‌టాప్ గడియారం మొదటికొచ్చేసింది. బ్యాటరీ పూర్తిగా చచ్చి లేచిన ముసలిదానికి ఇది ఏ సంవత్సరమో గుర్తులేదు. దాని చీటీల మీద పాత తేదీ పడుతోంది. అవతలి మెషీను పాత చీటీ అని విసిరేస్తోంది. సొరంగం తెరుచుకుంటే గడియారం తనే సరిచూసుకుంటుందని ఇమ్మానుయేలు చెప్పాడు. గడియారం సరిగా లేనిదే సొరంగం తెరుచుకోదు. ఈ రెంటి మధ్యా ఎవరో ఒకరు చెయ్యి పెట్టాలి.

నోటుపుస్తకం చివరి పేజీ తీసింది. లైను ఉంది. సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, మధ్యలో గీతలు, చుక్కలు. సొరంగం లైనుకంటే పొడుగు. ఆ ఊగే చేతులతో అది కొట్టేసరికి గంట గడుస్తుంది.

సెలైను ఎక్కించేటప్పుడు రోగి చెయ్యి కదలకుండా కట్టే చెక్క గోడకు వేలాడుతోంది. వరహాలమ్మ దాన్ని లాగి, తన కుడిచేతి కింద పెట్టుకుని, బ్యాండేజీ కొస పళ్లతో పట్టుకుని, మోచేతి నుంచి వేళ్ల దాకా బిగించి చుట్టింది. చూపుడువేలు ఒక్కటే బయట వదిలింది. చెక్కను బల్ల అంచుకు ఆనించి, మోకాళ్ల మీద కూర్చుని, ఒళ్లంతా బరువు దాని మీద వేసింది. వణుకు చేతిలోంచి భుజంలోకి ఎక్కింది. వేలు మాత్రం కొంచెం మాట విన్నది.

ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ కొట్టింది. మధ్యలో గీత బదులు సున్నా పడింది. చెరిపింది. గోడ గడియారం చూసి పదకొండు, ఏడు అని కొట్టింది. ఎంటర్.

మూలన తేదీ మారింది.

లాప్‌టాప్ ఐదేసి సెకన్లకోసారి తలుపు తడుతూనే ఉంది. వరహాలమ్మ కట్టు విప్పుతోంది. చివరి చుట్టు విప్పేసరికి చెయ్యి ఒక్కసారిగా నిలబడిపోయింది. ఆవిడ దీపం వైపు చూడనే లేదు. చూడాల్సిన పనీ లేదు.

సన్న సూది అందుకుంది. జమున మోచేతి మడతలో, వేలికి మాత్రమే తెలిసే నరాన్ని వెతికి పట్టుకుంది. గుచ్చింది. సూది వెనక గొట్టంలో ఎర్రటి చుక్క కనిపించింది. సెలైను మొదట చుక్కలుగా, తర్వాత ధారగా దిగింది. మందు కలిపింది. పావుగంటకు బుద్రి చేతుల కింద గర్భసంచి గట్టిపడింది.

"బిగిసింది సిస్టరమ్మా! రాయిలాగ అయింది!" అని బుద్రి అరిచింది. చేతులు తియ్యకుండానే ఏడ్చేసింది.

గంటంబావు గడిచాక డాక్టరు గెడ్డ దాటుకుని, మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. నాడి చూశాడు, సెలైను చూశాడు, నేల మీది గుడ్డలు చూశాడు. "ఈ సూది ఎవరు పెట్టారు?" అని అడిగాడు.

జమున కళ్లు తెరిచి నీళ్లడిగింది.

*

ఆ గురువారం ఏమీ తేల్చని కమిటీ మరుసటి వారం మళ్లీ కూర్చుంది. ఈసారి వరహాలమ్మను పిలిచారు. పొడుగు బల్ల చుట్టూ ఏడుగురు ఉన్నారు. ఇమ్మానుయేలు మెషీన్ రికార్డు చదివి వినిపించాడు. ఆ గురువారం కొండ సొరంగం తలుపును ఎనిమిది నిమిషాలపాటు ఎవరో పాత తేదీ చీటీలతో తట్టారనీ, మెషీను ప్రతిసారీ కాదందనీ, పదకొండూ ఏడుకు తలుపు తెరిచిందనీ చెప్పాడు.

"మీ పట్టీ ఒక ప్రాణం నిలబెట్టిందన్నమాట," అన్నాడు కమిటీలో ఒకాయన సంతోషంగా.

"నిలబెట్టింది బాబూ. దాని అలవాటే ఆ ప్రాణాన్ని ఎనిమిది నిమిషాలు చావు దగ్గర నిలబెట్టింది కూడా," అంది వరహాలమ్మ. "నా పాత చెయ్యే ఉండుంటే, రెండుసార్లు తప్పినా మూడోసారి నరం దొరికేదేమో. దొరికేది కాదేమో. నాకు తెలీదు. రెండూ రాసుకోండి. ఒకటే రాసుకోకండి."

జానకీబాల చెవి మీది పెన్ను తీసి కాగితం మీద ఏదో రాసుకుంది.

"మరి ఆపేయమంటారా?" అని అడిగింది.

"వొద్దు. కాలు విరిగినోడికి చంకకర్ర ఇస్తాం. దాంతోపాటు రోజూ కాసేపు కర్ర లేకుండా నడిపిస్తాం కదండీ? నాకూ అలా చేయించండి. రోజుకి రెండు గంటలు సొరంగం మూసీమనండి. ఆ రెండు గంటలూ నేను బియ్యం ఏరుకుంటాను, బటన్లు పెట్టుకుంటాను, నా చెయ్యితో నేను తగువాడుకుంటాను. ఆ చెయ్యిని పూర్తిగా మీకొదిలీను."

కమిటీ గంటసేపు వాదించుకుంది. చివరికి ప్రయోగం సాగించడానికి ఒప్పుకుంది, వరహాలమ్మ చెప్పిన రెండు గంటలను మొదటి షరతుగా పెట్టి. ఇమ్మానుయేలు ఆ వారమే గడియారం సరిచేసుకునే దారిని సొరంగం బయటికి మార్చాడు. చెయ్యి కలపకముందే లాప్‌టాప్ వేళ తెలుసుకుంటుంది. ప్రతి లాప్‌టాప్‌లోనూ రూపాయిబిళ్లంత కొత్త బ్యాటరీ వేశాడు. ముసలిదానికి తన చేతులతోనే వేశాడు.

ఆ రెండు గంటలు మొదట్లో నరకంగా గడిచాయి. పళ్లెంలో బియ్యం కంటే నేల మీద బియ్యమే ఎక్కువ కనిపించేవి. సింహాద్రి ఏమీ అనకుండా చీపురు తెచ్చుకునేవాడు. రెండో నెలలో వరహాలమ్మ ఒక హుక్కు తనే పెట్టుకుంది. నాలుగో నెలలో అన్నీ పెట్టుకుంది. పట్టీ లేనప్పుడు చెయ్యి పూర్తిగా మునుపటిలా కాలేదు, కాదని జానకీబాల దాచకుండానే చెప్పింది. అయినా ముద్ద నోటికి చేరుతోంది. పట్టీ ఉన్నన్ని గంటలూ సూది నిలుస్తోంది. విడిగా ఉన్నన్ని గంటలూ మనిషి నిలుస్తోంది. అది చాలనుకుంది వరహాలమ్మ.

ఏడాది తిరిగేసరికి మిగిలిన పది మంది నలభై ముగ్గురయ్యారు. కొత్తగా చేరినవాళ్లకు సొరంగం తెరవడం నేర్పడానికి ప్రయోగశాలవాళ్లు నెలకోసారి వరహాలమ్మను పిలిపిస్తున్నారు. ఇమ్మానుయేలు చెబితే అర్థం కానిది ఆవిడ చెబితే అర్థమవుతోందట.

ఆ నెల వచ్చినవాళ్లలో భీమిలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. ముప్పై ఏళ్లు బడిలో బోర్డు మీద రాసిన మనిషి. నల్లటి తెర చూడగానే చేతులు ఒళ్లో దాచేసుకుంది.

"నాకు భయంగా ఉందమ్మా. తప్పు కొడితే ఏమైపోతుంది?"

వరహాలమ్మ ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. వణుకుతున్న ఆ వేళ్లను మెల్లగా తీసి మీటల మీద పెట్టింది.

"ఏటీ అవదమ్మా," అంది. "కాదంటాది. మళ్లీ కొట్టు."